శిఖం నీళ్లలో తూనీగలు

తూనీగ నీళ్లలో పెరిగి గాలిలో తిరిగే పురుగు. దాని ఆయుష్షులో ఎక్కువ కాలం నీటి అడుగున, బురదలో, నాచులో గడుస్తుంది. రెక్కలతో కంటబడేది చివరి కొద్ది వారాలు మాత్రమే. అందుకని ఏ ఊళ్లోనైనా తూనీగల లెక్క తీయాలంటే ముందు ఆ ఊరి నీళ్ల లెక్క తీయాలి.

హైదరాబాద్ తూర్పు వైపు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా ఇవాళ కోచింగ్ సెంటర్లు, బట్టల షాపులు, మెట్రో స్తంభాలు కనిపిస్తాయి గానీ, ఒకప్పుడు ఇది చెరువుల కింద సాగైన నేల. సరూర్‌నగర్ చెరువు, మన్సూరాబాద్ పెద్ద చెరువు, నాగోల్, బండ్లగూడ చెరువులు, హయత్‌నగర్ బాతుల చెరువు, మీర్‌పేట చెరువులు ఆ కాలం నుంచి మిగిలినవి. ఉత్తరాన మూసీ పారుతుంది. తూర్పున విజయవాడ రోడ్డు పక్కన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఇంత కిక్కిరిసిన బస్తీల మధ్య కూడా తూనీగలు బతుకుతున్నాయి. ఏ రకాలు నిలదొక్కుకుంటాయి, ఏవి నిలవలేవు, ఎందుకు నిలవలేవు అన్నవి తెలిస్తే ఈ చెరువుల గురించి తెలియాల్సినది చాలావరకు తెలిసినట్టే.

ఈ పురుగుల వర్గాన్ని శాస్త్రంలో ఒడొనేటా అంటారు. గ్రీకులో పన్ను అనే మాట నుంచి 1793లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ ఈ పేరు పెట్టాడు. బలమైన దవడలకు దక్కిన పేరది. ప్రపంచంలో సుమారు 6,300 జాతులు, మన దేశంలో 500కు అటూఇటూ ఉన్నాయి. వీటిలో రెండు పెద్ద తెగలు. ఒకటి అసలు తూనీగలు: ఒళ్లు దిట్టంగా ఉంటుంది, తల నిండా కళ్లే, వాలినప్పుడు కూడా రెక్కలు రెండు పక్కలా చాచే ఉంచుతాయి. రెండో తెగ ఒళ్లు సూదిలా సన్నగా ఉంటుంది, కళ్లు ఎడంగా చెరో పక్కన గుండ్రంగా ఉంటాయి, వాలగానే చాలావరకు రెక్కలు వీపు మీద కలిపి మడుస్తాయి. తెలుగులో రెంటికీ తూనీగే. మలయాళంలో మొదటిదాన్ని కల్లన్‌తుంబి అని, రెండోదాన్ని సూచితుంబి అని విడదీసి పిలుస్తారు. ఈ వ్యాసంలో రెండో తెగకు సన్న తూనీగ అన్న మాట వాడుతున్నాం.

తూనీగ తోక నిజానికి తోక కాదు, అది పొట్ట. దానికి ముల్లు లేదు, కుట్టదు. పిల్లలు తోకకు దారం కట్టి ఎగరేసే ఆటలో, చిన్న రాయి ఎత్తించే ఆటలో నలిగేది దాని పేగులూ గర్భమూ ఉన్న భాగం. ఈ ఒక్క సంగతి ముందే చెబితే చాలామంది పిల్లలు ఆ ఆట మానేస్తారు.

తూనీగల పూర్వీకులు సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లలో దొరుకుతాయి. అప్పటి మెగాన్యూరా రెక్కల విప్పు రెండడుగులకు పైనే. ఆకారం కుదించుకుపోయింది గానీ ఎగిరే నేర్పు మాత్రం పోలేదు. నాలుగు రెక్కలకూ కండరాలు నేరుగా అతుక్కుని ఉంటాయి కాబట్టి దేనికదే కదులుతుంది. గాల్లో ఆగడం, వెనక్కి రావడం, అక్కడికక్కడే మలుపు తిరగడం దానివల్లే సాధ్యం. పెద్ద తూనీగ ఒక్కో కంటిలో 30,000 దాకా చిన్న చిన్న కటకాలు ఉంటాయి. వేటలో పది ప్రయత్నాలకు తొమ్మిది ఫలించడం తూనీగకు మామూలు. పులికి గానీ, డేగకు గానీ ఆ గురి లేదు.

నీటిలోని పిల్లపురుగు దీనికి ఏ మాత్రం పోలిక లేకుండా ఉంటుంది. మట్టి రంగులో, పొట్టిగా, బురదలో కలిసిపోతుంది. దాని కింది పెదవి మడత పెట్టిన చెయ్యి లాంటిది. దోమ పిల్లో, తోకకప్పో దగ్గరికి రాగానే ఆ పెదవి కంటికి ఆనని వేగంతో ముందుకు చాచుకుని కొక్కేలతో పట్టి లోపలికి లాక్కుంటుంది. అసలు తూనీగ పిల్ల పొట్ట చివర నుంచి నీళ్లు పీల్చి ఊపిరి తీసుకుంటుంది, ఆపద వస్తే అదే నీటిని వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. సన్న తూనీగ పిల్లకు చివరన మూడు ఆకుల్లాంటి మొప్పలుంటాయి. జాతిని బట్టి ఈ దశ నెల పైచిలుకు మొదలు కొన్నేళ్ల దాకా సాగుతుంది.

పూర్తిగా ఎదిగిన పిల్ల ఒక రాత్రి నీళ్లు దాటి తుంగకాడనో, రాతినో, గోడనో ఎక్కుతుంది. వీపు చీలుతుంది. ముందు తల, తర్వాత కాళ్లు బయటికి వస్తాయి. కాళ్లు గట్టిపడే దాకా తలకిందులుగా వేలాడి, ఒక్క ఊపుతో లేచి పొట్టను లాక్కుంటుంది. నలిగిన కాగితంలా ఉన్న రెక్కలు మెల్లగా విచ్చుకుంటాయి. తెల్లవారేసరికి అది ఎగిరిపోతుంది, కుబుసం మాత్రం అక్కడే అంటుకుని ఉంటుంది. ఎండుగడ్డి రంగులో, వీపున చీలికతో, లోపల తెల్లని దారపు పోగులతో ఉండే ఆ కుబుసం పరిశీలకులకు గొప్ప సాక్ష్యం. ఎగిరే తూనీగ ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు. కుబుసం ఉందంటే మాత్రం అది ఆ నీళ్లలోనే పుట్టి పెరిగిందని ఖాయం.

సంరక్షణ మాట వచ్చినప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది గుడ్లు పెట్టే తీరు. ఇందులో రెండు పద్ధతులు. సరూర్‌నగర్ చెరువు లాంటి చోట్ల సాధారణంగా కనిపించే అసలు తూనీగలు పొట్ట చివరతో నీటిని తడుతూ గుడ్లను నీళ్లలో రాలుస్తాయి. వాటికి నీటి ఉపరితలం చాలు. సన్న తూనీగలన్నీ, అసలు తూనీగల్లో ఆనాక్స్ లాంటి పెద్దవీ అలా చేయవు. పొట్ట చివరనున్న కత్తి లాంటి అవయవంతో మొక్క కాడను చీల్చి గుడ్డును లోపల దోపుతాయి. నీటి అంచున మెత్తని కాడ లేకపోతే వాటికి సంతానం లేనట్టే.

భారతదేశపు తూనీగల అధ్యయనానికి ఇప్పటికీ పునాది వైద్య సైనికాధికారి ఎఫ్.సి. ఫ్రేజర్ రాసిన మూడు సంపుటాలు. 1933, 1934, 1936లలో బ్రిటిష్ ఇండియా జంతుజాలం వరుసలో అవి వెలువడ్డాయి. ఫ్రేజర్ మనసు ఎక్కువగా పశ్చిమ కనుమల వాగుల మీదే ఉండేది. దక్కన్ పీఠభూమి ఆ శ్రద్ధకు నోచుకోలేదు. కనుమల్లో ఒక్కో లోయకు ప్రత్యేకమైన అరుదైన జాతులుంటాయి, చెరువుల నేలలో ఉండేవి ఎక్కువగా విస్తారంగా వ్యాపించినవే. ఆ కారణంగా చెరువుల తూనీగలను 'మామూలువి' అని పక్కన పెట్టడం అలవాటైంది. నగరాల విషయంలో ఇది పెద్ద పొరపాటు. మామూలు జాతి కనబడకుండా పోవడమే అక్కడ అసలు హెచ్చరిక. 2009లో కె.ఎ. సుబ్రమణియన్ రాసిన భారతదేశ తూనీగల క్షేత్రదర్శిని వచ్చాక ఫొటో చూసి జాతిని పోల్చుకోవడం సామాన్యుడికి కూడా వీలైంది. హైదరాబాద్‌లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం ఉండటం ఈ నగరానికి కలిసొచ్చిన విషయం.

తూర్పు హైదరాబాద్ లాంటి చోట ముందుగా నేర్చుకోవాల్సింది బ్రాకీథెమిస్ కంటామినాటా. మగది నారింజ ఎరుపు, రెక్కల మీద తేనె రంగు పూత. ఆడది పచ్చగోధుమ రంగు. నాలా పక్క గడ్డి మీద, మురుగు కలిసిన చెరువు గట్టు మీద గుంపులు గుంపులుగా వాలేది ఇదే. మురికిని ఇంతగా ఓర్చుకునే తూనీగ మరొకటి అరుదు. చెరువు చుట్టూ ఇది ఒక్కటే వందల్లో కనిపిస్తే సంతోషించనక్కర్లేదు. నీళ్లలో జీవం ఉన్నా ఆరోగ్యం లేదని దాని అర్థం.

ఒళ్లంతా నెత్తురు ఎరుపుతో, వీపు మీద సన్నని నల్లగీతతో తుంగ కొసన కూర్చునేది క్రోకోథెమిస్ సర్విలియా. ఆర్థెట్రమ్ సబీనా ఆకుపచ్చ, నలుపు చారల వేటగాడు, తోటి తూనీగలను కూడా పట్టి తింటుంది. డిప్లకోడెస్ ట్రివియాలిస్ నీటికి దూరంగా, మైదానాల్లో, పార్కుల్లో నేలకు అంటుకుని తిరుగుతుంది. థోలిమిస్ టిల్లార్గా పొద్దు గూకాక నీటి మీద తిరిగే తెల్లమచ్చ రెక్కల తూనీగ, సాయంత్రం నడకకు వచ్చినవాళ్లు దాన్ని ఏదో రాత్రి పురుగనుకుంటారు. పసుపు నలుపు రెక్కలతో సీతాకోకచిలుకలా తేలేది రయోథెమిస్ వేరియగాటా. సన్న తూనీగల్లో పసుపు పొట్ట సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ ఉంది, కోరమండల్ తీరం పేరు దాని పేరులోనే నిలిచింది. తోక చివర నీలిదీపం వెలిగినట్టుండే ఇష్నూరా సెనెగలెన్సిస్ మరొకటి. అగ్రియోక్నెమిస్ పిగ్మియా వేలెడు కూడా ఉండదు, గడ్డిలోకి వంగి వెతికితే గానీ దొరకదు.

దక్కన్‌కు తగిన తూనీగ అంటే బ్రాడినోపైగా జెమినాటా. బూడిద రంగు మీద తెలుపు, నలుపు చుక్కలతో అచ్చం నల్లరాతి తునకలా ఉంటుంది. రాతి బండకో, సిమెంటు గోడకో రెక్కలు ఆనించి అతుక్కుపోతుంది. అడుగు దూరంలో ఉన్నా కళ్లకు దొరకదు, చెయ్యి చాచగానే రాతి ముక్క లేచి ఎగిరినట్టు ఉంటుంది. బండల గుంతల్లో నిలిచే వాననీరు, పాతబావులు, సిమెంటు తొట్లు దీని పుట్టిళ్లు. చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డున విష్ణుకుండినుల కాలం నాటి ప్రాకృత శాసనం ఉన్న గుట్ట లాంటి నల్లరాతి దిబ్బలు ఈ ప్రాంతమంతటా ఉండేవి. చాలావాటిని కంకరగా కొట్టేశారు. బండలు పోయినా గోడలు, తొట్లు దొరకడం వల్ల ఈ ఒక్క తూనీగ నగరంతో సర్దుకుపోయింది. అన్నీ అలా సర్దుకోలేవు.

ఆగస్టు నుంచి బతుకమ్మ పండుగ నాటికి మైదానాల మీద ఎత్తున గుంపులుగా తిరిగే పసుపు తూనీగ పంటాలా ఫ్లావెసెన్స్. ఇది వాననీటి గుంతల్లో నెలా రెండు నెలల్లోనే పెరిగి రెక్కలు తొడుగుతుంది, గాలివాటున దేశాలు దాటుతుంది. హిమాలయాల్లో 6,000 మీటర్ల పైన కూడా కనిపించింది. మాల్దీవుల్లో ఉండి పరిశోధన చేసిన చార్లెస్ ఆండర్సన్, ఏటా అక్టోబరులో అక్కడికి లక్షలాదిగా వచ్చే ఈ తూనీగలు భారతదేశం నుంచి సముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ప్రతిపాదించాడు. రానూపోనూ 14,000 నుంచి 18,000 కిలోమీటర్ల ఆ దారిని ఒకే తూనీగ కాదు, నాలుగు తరాలు పంచుకుంటాయని అంచనా. రెక్కల్లోని హైడ్రోజన్ పరీక్షలు 2012లో ఈ వాదనకు బలం చేకూర్చాయి. తూనీగలు కిందికి దిగి తిరిగితే వాన వస్తుందన్న పల్లె నమ్మకం పూర్తిగా గాలి మాట కాదు. ఈ జాతి రుతుపవనాల వెంటే నడుస్తుంది.

జాతుల జాబితా నుంచి నీటి స్థితిని చదివే పద్ధతిని దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు చక్కగా తీర్చిదిద్దారు. జాతి ఎంత విస్తృతం, ఎంత ప్రమాదంలో ఉంది, మార్పును ఎంత తట్టుకోలేదు అన్న మూడింటికీ తలా 0 నుంచి 3 మార్కులు వేస్తారు. ఎక్కడైనా బతికే జాతికి 0, అరుదైన సున్నితమైన జాతికి 9. ఒక నీటివనరు సగటు ఏడాదికేడాది పడుతోందా, లేస్తోందా అన్నది చూస్తారు. ప్రయోగశాల అక్కర్లేదు, కళ్లూ ఓపికా చాలు. తెలంగాణ చెరువులకు ఇలాంటి పట్టిక తయారు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

సరూర్‌నగర్ చెరువును 1626లో కట్టారు. విస్తీర్ణం సుమారు 99 ఎకరాలు. దాని కింద చాలాకాలం పంటలు పండాయి. 1950ల తర్వాత చుట్టూ కాలనీలు పెరగడంతో మురుగు చేరింది. 2003-04లో పెద్ద ఎత్తున బాగుచేశారు గానీ నాలాల మురుగు ఆగలేదు. 2020 అక్టోబరు వానలకు కోదండరాంనగర్, సీసల బస్తీ లాంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు పరుచుకోవాల్సిన చోట ఇళ్లు లేచాయి కాబట్టి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

ఆ 'పరుచుకోవాల్సిన చోటు'కు తెలంగాణలో పాత పేరు ఉంది: శిఖం. కట్టకు ఎదురుగా చెరువు మెల్లగా పల్చబడే నేల అది. వానల్లో మోకాలి లోతు నీరు, వేసవిలో తడి మన్ను, తుంగ, జమ్ము, గడ్డి. కట్ట వైపు లోతు నీటిలో తూనీగ పిల్లలకు దాపు ఉండదు, చేపలు తినేస్తాయి. వెచ్చగా, పల్చగా, మొక్కలతో ఉండే శిఖమే వాటి ఊయల. నగరం పెరిగేకొద్దీ ముందు పోయేది కూడా శిఖమే. మిగిలిన చెరువుకు సుందరీకరణ పేరుతో చాలాచోట్ల చుట్టూ నిలువుగా రాతి రివిట్‌మెంట్ కట్టి, దాని మీద వాకింగ్ ట్రాక్, రెయిలింగు, లైట్లు పెడతారు. నీళ్లు మిగులుతాయి, అంచు పోతుంది. నీటి మీద గుడ్లు రాల్చే బ్రాకీథెమిస్ దీన్ని తట్టుకుంటుంది. కాడలో గుడ్డు దోపే సన్న తూనీగ తట్టుకోదు. నగర చెరువుల తూనీగలకు మురుగు ఎంత శత్రువో ఈ రాతి అంచు కూడా అంత శత్రువేనని గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మురుగును అందరూ తప్పంటారు, రాతి అంచును అభివృద్ధి అంటారు.

గుర్రపు డెక్క విషయం వేరు. కొద్దిగా ఉంటే సన్న తూనీగలు దాని మీద వాలతాయి, గుడ్లు పెడతాయి. చెరువు మొత్తం కమ్మేస్తే నీటిలో ప్రాణవాయువు పడిపోయి పిల్లలు ఊపిరాడక పోతాయి. మూలం మురుగులోని నత్రజని, భాస్వరం. డెక్కను తీసినంత మాత్రాన అవి పోవు.

చెరువు పక్క కాలనీల మొదటి ఫిర్యాదు దోమలు. తూనీగ గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ మాట జాగ్రత్తగా వాడాలి. పిల్లపురుగు దోమ పిల్లలను తింటుంది, పెద్దది దోమలను తింటుంది, నిజమే. యాంగూన్‌లో జరిగి 1990లో ప్రచురితమైన ప్రయోగంలో ఇళ్ల నీటి తొట్లలో క్రోకోథెమిస్ సర్విలియా పిల్లలను వదిలితే, రెండు మూడు వారాల్లో డెంగీ దోమ పిల్లలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. సరూర్‌నగర్ లాంటి చెరువుల తుంగ మీద వాలే ఎర్ర తూనీగది కూడా అదే జాతి. కానీ అక్కడ మనుషులే చేత్తో పిల్లలను తొట్టిలో వేశారు. డెంగీ దోమ పెరిగేది చెరువులో కాదు, డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో. చెరువులో తూనీగలుంటే ఇంట్లో డెంగీ రాదని చెప్పడం తప్పు. వాటిని చంపి దోమలను అదుపు చేయవచ్చనుకోవడం ఇంకా పెద్ద తప్పు. పొగమందు దోమకూ తూనీగకూ తేడా చూడదు. దోమ మళ్లీ పెరగడానికి పది రోజులు చాలు, తూనీగకు కనీసం నెలన్నర కావాలి. దోమల కోసం వదిలే గాంబూసియా చేప తూనీగ గుడ్ల నుంచి వచ్చిన చిన్న పిల్లలను కూడా వదలదు.

నగరం పెట్టే మరో ఉచ్చు మెరుపు. నీటి మీద పడి తిరిగొచ్చే కాంతిలో ఉండే ప్రత్యేక లక్షణాన్ని బట్టి తూనీగ నీటిని గుర్తుపడుతుంది. పాలిష్ పట్టిన నల్లరాయి, కారు పైకప్పు, గాజు, సోలార్ పలక అదే రకం కాంతిని తిప్పికొడతాయి. హంగరీలో మెరిసే నల్ల సమాధిరాళ్ల మీద తూనీగలు ముసురుకోవడాన్ని, వేరే చోట్ల కార్ల మీద గుడ్లు పెట్టబోవడాన్ని పరిశోధకులు వివరంగా నమోదు చేశారు. వానాకాలం పార్కింగు స్థలంలో నిలబడి కాసేపు చూస్తే అదే దృశ్యం ఇక్కడా కనిపిస్తుంది. పంటాలా జంటగా వచ్చి కారు టాపును టప్ టప్‌మని తడుతుంది. ఆ గుడ్లు ఎండకు మాడిపోతాయి.

ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం 2021 డిసెంబరులో తొలిసారి ప్రపంచ తూనీగలన్నిటినీ అంచనా వేసింది. 6,016 జాతుల్లో 16 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. దక్షిణ, ఆగ్నేయాసియాలో ఈ వాటా నాలుగో వంతు దాటింది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూలులో హిమాలయాల పురాతన తూనీగ ఎపియోఫ్లెబియా లైడ్‌లావికి చోటు దక్కింది. చెరువుల తూనీగలకు జాతి పేరుతో రక్షణ లేదు, అవసరమూ లేదు. వాటికి కావాల్సింది నీటికి రక్షణ. చిక్కల్లా అక్కడే ఉంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు నీటిపారుదల కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన వాటిని చిత్తడి నేల నిర్వచనం నుంచి తప్పించాయి. దక్కన్ చెరువులన్నీ మనుషులు కట్టినవే. నాలుగు వందల ఏళ్లుగా తూనీగలకు, కొంగలకు, చేపలకు ఆశ్రయమిచ్చిన చెరువు కాగితం మీద చిత్తడి నేల కాదంటే అది న్యాయం అనిపించదు.

ఆశకు ఆధారాలు లేకపోలేదు. హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్ల గడ్డి, పొదల నేల. 1975లో కృష్ణజింకల కోసం మొదలై 1994లో జాతీయ ఉద్యానమైంది. తూనీగ పుట్టడానికి నీరు ఎంత అవసరమో, రెక్కలు వచ్చాక వేటాడి బలపడటానికి ఇలాంటి గడ్డినేల కూడా అంతే అవసరం. 2024 జూలైలో చెరువుల రక్షణకు ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా, చెరువు నిండినప్పుడు నీరు చేరే ఎఫ్‌టీఎల్ హద్దుల మాటను మళ్లీ అందరి నోటా పలికించింది. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను తవ్వి 2025లో నీటితో నింపారు. పోయిన కుంటను తిరిగి తేవచ్చని అది చూపించింది. అంచు ఎలా ఉండాలన్నది ఇక ముందున్న ప్రశ్న. ఒక్కో చెరువుకు కట్ట వైపు రాయి ఉంటే ఉండనిచ్చి, శిఖం వైపు కనీసం కొంత మేర ఏటవాలు మట్టి గట్టు, తుంగ, జమ్ము వదిలేస్తే సన్న తూనీగలు తమంతట తామే వస్తాయి. వాటిని ఎవరూ తెచ్చి వదలనక్కర్లేదు.

నేర్చుకోవడానికి సామగ్రి కొద్దే. ఎండ ఎక్కిన తర్వాత పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య చెరువు గట్టున నెమ్మదిగా నడవాలి. తూనీగ ఎగిరిపోతే కంగారు పడకూడదు, చాలావరకు అదే కొమ్మ మీదికి తిరిగొస్తుంది. ఫోనుతో పక్క నుంచీ పై నుంచీ ఒక్కో ఫొటో, తేదీ, చోటు, ఎన్ని ఉన్నాయన్నది రాసుకుంటే అదే శాస్త్రీయ సమాచారం. కుబుసం దొరికితే కాగితం పొట్లంలో దాచాలి. 2018 నుంచి దేశంలో స్వచ్ఛంద సంస్థలు జరుపుతున్న తూనీగల పండుగ ఇలాంటి లెక్కలకు పిల్లలను అలవాటు చేస్తోంది. కేరళలో దాదాపు ప్రతి జాతికీ మలయాళం పేరు పెట్టుకున్నారు. తెలుగులో ఇంకా ఆ పని మిగిలే ఉంది. నల్లరాతి మీద వాలేదాన్ని రాతి తూనీగ అని, తోకన నీలం వెలిగేదాన్ని నీలిదీపం తూనీగ అని పిల్లలు పిలుచుకుంటే అవే రేపు పుస్తకాలకు ఎక్కుతాయి. ఎల్‌బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ బడుల సైన్సు టీచర్లు ఈ వానాకాలంలో ఒక్క ఆదివారం పిల్లలను దగ్గరి చెరువు గట్టుకు తీసుకువెళ్లి, కనిపించిన తూనీగల లెక్క రాయించాలి.